చారల పిలక నిలుస్తుందా: ఒక అలంకార గడ్డి ప్రాజెక్టు డైరీ

పిలక కనిపించింది

ఊదా ఫౌంటెన్ గడ్డి దుబ్బులో ఒక పిలక చారతో వచ్చింది. ముదురు ఊదా ఆకు, దాని మీద మొదలు నుంచి కొస దాకా సన్నటి గులాబీ గీత. తెగులేమోనని లెన్స్ పెట్టి చూశాను. మచ్చల్లేవు, పురుగు గీకిన జాడ లేదు. గడ్డి జాతుల్లో వైరస్ చారలు సాధారణంగా తెగుతూ తెగుతూ, చుక్కలు చుక్కలుగా ఉంటాయి. ఇది స్కేలు పెట్టి గీసినట్టు ఉంది.

గడ్డికి ఆకులు కాండానికి రెండు పక్కలా, ఒకటి ఇటు ఒకటి అటు వస్తాయి. అందుకని ఒకటి వదిలి ఒకటి చూసుకుంటూ వెళ్లాను. ఒక వరస ఆకులన్నిటికీ చార ఉంది, ఎదురు వరసకు లేదు. ఆకు తొడుగు ఒలిచి చూస్తే కాండం మీద కూడా అదే పక్క పాలిపోయిన గీత కిందికి దిగింది. ఇక జబ్బు అనుకోనక్కర్లేదు, పిలక పుట్టుకలోనే తేడా ఉంది. తోటపని వాళ్లు స్పోర్ట్ అనేది దీన్నే.

దుబ్బు రకం పేరు 'రూబ్రమ్'. పాత పుస్తకాల్లో పెన్నిసెటమ్ సెటేషియమ్ కింద ఉంటుంది. ఇప్పుడు దాన్ని సంకరంగా లెక్కగట్టి పెన్నిసెటమ్ అడ్వెనా అంటున్నారు. పెన్నిసెటమ్‌నే తీసుకెళ్లి సెంక్రస్‌లో కలిపేశారు కాబట్టి కొందరు ఆ పేరుతోనూ రాస్తారు. పేర్ల గొడవ ఎలా ఉన్నా, నా పనికి ముఖ్యమైన సంగతి ఇది: రూబ్రమ్‌కి మొలకెత్తే గింజ దాదాపుగా రాదు. దుబ్బు చీల్చుకునే పెంచాలి. గింజ లేని మొక్కలో కొత్త రకం దొరకాలంటే ఇలా ఏదో ఒక పిలక దారి తప్పాలి. గులాబీ ఆకులతో పేరు తెచ్చుకున్న 'ఫైర్‌వర్క్స్' కూడా రూబ్రమ్‌లో వచ్చిన స్పోర్టే. అది పేటెంట్ తీసుకున్న రకం. దానిలో ఈ తేడా వచ్చి ఉంటే పిలకలు చీల్చే ముందు హక్కులెవరివో చూసుకోవాల్సి వచ్చేది. రూబ్రమ్ పాతది, ఆ ఇబ్బంది లేదు.

ఏం కావాలో ముందే రాసుకున్నాను

రంగు బాగుందని మురిసిపోవడం తేలిక. అందుకే చీల్చే ముందే నోట్‌బుక్కులో షరతులు రాసిపెట్టాను, తర్వాత మొక్క మీద ప్రేమ పుట్టి మార్చుకోకుండా. కొత్త రకాలకు హక్కులివ్వడానికి చాలా దేశాలు చూసేవి మూడు గుణాలు. ఉన్న రకాల నుంచి స్పష్టంగా వేరుగా ఉండాలి, మొక్కకూ మొక్కకూ ఒకేలా ఉండాలి, పెంచుతూ పోతే మారకుండా నిలవాలి. కొత్త మొక్క రకాల హక్కుల కోసం దేశాలు కుదుర్చుకున్న 1961 నాటి యూపీఓవీ ఒప్పందం నుంచి వచ్చిన పద్ధతి ఇది, ఆ మూడు గుణాల ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలతో పొట్టిగా డీయూఎస్ అంటారు. నాకు హక్కులు తీసుకునే ఉద్దేశం లేదు గానీ కొలబద్దగా ఇంతకంటే మంచిది దొరకలేదు.

నేను ఇంకోటి చేర్చుకున్నాను: గింజ రాల్చకూడదు. దీని దగ్గరి చుట్టం సెటేషియమ్ సంగతి తెలిస్తే ఎవరైనా ఇదే అంటారు. ఉత్తర ఆఫ్రికా, దాని చుట్టుపక్కల ఎండ నేలల నుంచి అందం కోసం తీసుకెళ్లిన ఆ గడ్డి హవాయిలో, అరిజోనాలో తోట దాటి కొండలెక్కింది. ఎండిన దుబ్బులు మంటను మోసుకెళ్తాయి. మంట ఆరాక ముందుగా చిగురించేదీ అదే. యూరోపియన్ యూనియన్ 2017లో దాన్ని నిషేధిత ఆక్రమణ జాతుల జాబితాలో పెట్టింది, అమ్మకూడదు, పెంచకూడదు. ఆ గింజ పిండం ఫలదీకరణ లేకుండానే తయారవుతుంది, కాబట్టి ఒక్క మొక్క చేరితే చాలు, తన నకళ్లతో నేలంతా నింపేయగలదు.

విడదీత

రూబ్రమ్ వేడిలో పెరిగే గడ్డి. చలికాలంలో చీలిస్తే వేళ్లు కదలవు, ముక్కలు కుళ్లిపోతాయి. కొత్త ఆకులు జోరుగా వస్తున్న సమయం దాకా ఆగి, ముందురోజు బాగా నీళ్లు పెట్టి, దుబ్బును మొత్తంగా లేపాను. గొట్టం నీళ్లతో మట్టి కడిగేస్తే తప్ప ఏ పిలక ఎక్కడ అతుక్కుందో తెలియదు. పైకి పక్కపక్కనే కనిపించే పిలకలు కింద వేర్వేరు తల్లుల నుంచి వచ్చి ఉంటాయి.

చారల పిలకకు సొంత వేళ్లు కొన్ని ఉన్నాయి. పదునైన కత్తితో అతుకు దగ్గర కోసి, ఆకులు సగానికి కత్తిరించి, ఇసుక, కోకోపీట్, కంపోస్టు కలిపిన చిన్న కుండీలో పెట్టాను. మొదలు మట్టి మట్టానికి సరిగ్గా ఉండాలి. లోతుగా దిగితే ఆ మెడ దగ్గరే కుళ్లు పడుతుంది. కొత్త ఆకు కదిలే దాకా నీడలో ఉంచాను. తల్లి దుబ్బును మళ్లీ పాత చోటే నాటాను, పోల్చి చూడడానికి అది పక్కనే ఉండాలి.

మొగ్గను లేపడం

ఈ భాగం కాస్త వివరంగా రాస్తున్నాను, మొత్తం పనికి ఇదే కీలకం కాబట్టి.

ప్రతి పిలకకూ పెరిగే మొగ్గ ఒకటి ఉంటుంది. పూతకు రాని పిలకలో అది మట్టికి దగ్గరగా, ఆకు తొడుగుల మధ్య ఉంటుంది. అందులో కణాలు పొరలుగా అమరి ఉంటాయి. ఏదైనా ఒక కణం పత్రహరితం తయారుచేసే శక్తి పోగొట్టుకుంటే దాని నుంచి పుట్టేవన్నీ తెల్లగానే పుడతాయి. ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్ మాత్రం వాటిలోనూ ఉండవచ్చు. అడుగున ఆకుపచ్చ ఉంటే ఆ రంగు ముదురు ఊదాగా కనిపిస్తుంది, అడుగున తెలుపు ఉంటే గులాబీగా తేలుతుంది. నా పిలకలో కనిపించిన గులాబీ అదే.

తెల్ల కణాలు మొగ్గలో ఒక పక్క చీలికగా ఉంటే ఆ చార నిలవదు. తర్వాతి పిలక ఎటు నుంచి లేస్తే దానికి అటువైపు రంగే వస్తుంది. చార లేని పక్క నుంచి లేచిందా, మామూలు ఊదా. నట్టనడి చారలోంచి లేచిందా, మొత్తం తెలుపు. అలా కాకుండా ఒక పొర పొరంతా తెల్లబడి, మిగతా పొరలు ఆకుపచ్చగా ఉంటే ఆకు అంచులు రెండూ సమానంగా పాలిపోయి నడుమ ముదురుగా ఉంటుంది. అలాంటి పిలకకు పుట్టే పిలకలు చాలావరకు తల్లి పోలికే. కాబట్టి మొదట నన్ను ఆకట్టుకున్న నడిమి చారతో నాకు పని లేదు. రెండు అంచులూ పాలిపోయిన పిలక కావాలి.

టిష్యూ కల్చర్‌లో పెడితే తొందరగా అవుతుంది కదా అని చదివినవాళ్లెవరైనా అడగొచ్చు. ముద్దలా పెరిగిన కణజాలం నుంచి మొలకలు లేస్తే పొరల అమరిక చెదిరిపోతుంది. తెల్లవి కొన్ని, ఊదావి కొన్ని వస్తాయి, చారలది దొరకడం అదృష్టం. ఈ రకానికి కత్తీ ఓపికా ఉంటే చాలు.

చేసిన పని ఇది. పిలక పొడుగు సాగి కణుపులు తేలాక, చార దిగిన పక్క ఉన్న కణుపు మొగ్గలను గుర్తించి, వాటికి కాస్త పైన తల తుంచేశాను. తల పోతే కింది మొగ్గలు మేల్కొంటాయి. కోసేసిన ముక్కలను కూడా వదల్లేదు. రూబ్రమ్ కాండం ముక్క కణుపు దగ్గర వేళ్లు పెడుతుంది. ఒక్కో కణుపు ఉండేలా కోసి తడి ఇసుకలో గుచ్చాను. ఏ ముక్క ఏ కణుపుదో ట్యాగ్ రాసి పెట్టకపోతే తర్వాత ఎవరికెవరో తెలియదు. మూడు వరసలు మిగిలాయి, ఒక్కో మొగ్గ నుంచి వచ్చిన పిలకలన్నీ కలిపి ఒక వరస. వాటికి క, గ, చ అని పెట్టాను.

క, చ

క వరస మొగ్గ లేచింది గానీ పాలలా తెల్లటి పిలక వచ్చింది. చూడడానికి భలే ఉంది. పత్రహరితం లేని పిలక తన అన్నం తాను వండుకోలేదు, తల్లికి అతుక్కున్నంత కాలమే బతుకు. కొన్ని ఆకులు వేసి కొసల నుంచి ఎండిపోయింది.

చ వరస బాగా పుంజుకుంది, ఆకులు వెడల్పు, కాండం గట్టి. అన్నీ ఊదా. చార పేరుకైనా లేదు. తల్లి దుబ్బు పక్కకే పంపేశాను.

గ వరస

మొదటి పిలకకు ఒక అంచు మాత్రమే పాలిపోయి ఉంది, రెండోది ముదురు. ఆశ పెట్టుకోదగ్గదిగా అనిపించలేదు. దాన్నీ తల తుంచి, పాలిపోయిన అంచు వైపు మొగ్గను లేపాను. దాని నుంచి వచ్చిన పిలకలో రెండు అంచులూ సమానంగా పాలిపోయాయి. నడుమ ముదురు ఊదా పట్టీ, అటూ ఇటూ గులాబీ, అంచు చివర మీగడ రంగు దారం. ఎదురు వరస ఆకులూ అంతే, ఏ పక్కా తేడా లేదు.

అక్కడి నుంచి గ వరసనే చీలుస్తూ వచ్చాను. దుబ్బు కట్టాక విడదీయడం, ప్రతి ముక్కనూ వేరే కుండీలో పెంచడం, మళ్లీ దుబ్బు కట్టాక విడదీయడం. ఎక్కువ పిలకలు రెండు అంచుల రంగుతోనే వస్తున్నాయి. అక్కడక్కడ ఒక ఊదా పిలక వస్తోంది. దాన్ని ఉపేక్షిస్తే కథ ముగిసినట్టే. పత్రహరితం నిండుగా ఉన్న పిలక చారల పిలక కంటే బలంగా పెరిగి, కొన్నాళ్లకు దుబ్బంతా తనదే చేసుకుంటుంది. పైపైన కోస్తే లాభం లేదు, మొదలు నుంచి వేళ్లతో సహా తీయాలి.

ఎండలో, నీడలో

గ మొక్కలను నిండు ఎండలో కొన్ని, సగం నీడలో కొన్ని, చెట్టు కింద కొన్ని పెట్టాను. చెట్టు కిందివి చాలా త్వరగా రంగు వదిలేశాయి. ఆంథోసయనిన్‌కి గట్టి వెలుతురు కావాలి. అది లేకపోతే నడిమి పట్టీ ఊదా నుంచి ఆకుపచ్చకు దిగింది, అంచులు గులాబీ పోయి వట్టి మీగడ రంగులో మిగిలాయి. పచ్చ తెలుపు చారల గడ్డి ఇప్పటికే ఎన్నో రకాలున్నాయి, వాటిలో ఇంకొకటి చేరినట్టయింది. కంకులు కూడా తక్కువ, కాండాలు వెలుగు వైపు వాలిపోయాయి.

నిండు ఎండవి అందంగా ఉన్నాయి. రాత్రులు చల్లబడే కాలంలో గులాబీ ఇంకా చిక్కబడింది. కానీ మట్టి పొడిబారిన రోజున మాడేది మొదట పాలిపోయిన అంచే. నేలలో నాటినవాటికి ఈ బాధ తక్కువ, కుండీలో వాటికి ఎక్కువ. ఊదా తల్లి మొక్క అదే ఎండలో, అదే నీటితో ఏమీ కానట్టు నిలబడింది. కాబట్టి ఇది నీళ్లు పెట్టకుండా వదిలేసే గడ్డి అని ఎవరికీ చెప్పను.

ఎరువు సంగతి ఒక్క ముక్క: నత్రజని ఎక్కువిచ్చిన కుండీలో ఆకులు పొడుగ్గా సాగి, పచ్చదనం కమ్మి, కంకి బరువుకు కాండాలు కింద పడ్డాయి. కాస్త కంపోస్టు చాలు.

గింజ పరీక్ష

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. రంగు నిలిచి, గింజ రాలితే పని మొత్తం మూలన పెట్టాల్సిందే.

కంకులు వడలి కుచ్చులు రాలే ముందు సన్నటి నైలాన్ గుడ్డ సంచులు తొడిగాను. రాలింది చేజారకుండా పట్టుకోవడానికే తొడిగాను, పుప్పొడి ఆపే ఉద్దేశంతో కాదు. చేతికందిన ప్రతి గ మొక్క కంకినీ, తల్లి దుబ్బు కంకులనూ వేర్వేరుగా పోగుచేశాను. పక్కన ఒక సజ్జ కంకి కూడా పెట్టుకున్నాను. సజ్జ కూడా పెన్నిసెటమ్ జాతే, గింజ నిండితే ఎలా ఉంటుందో కంటికి ఆనవాలు.

అరచేతుల మధ్య నలిపి పళ్లెంలో వేసి ఊదితే వెంట్రుకలన్నీ లేచిపోయాయి. కింద పొట్టు మిగిలింది. సజ్జ కంకి నలిపినప్పుడు వేలికి తగిలే గట్టిదనం వీటిలో ఎక్కడా తగల్లేదు. వేళ్లను నమ్మలేం కాబట్టి పొట్టును ఒక్కొక్కటిగా సూదితో విప్పి లెన్స్ కింద చూశాను. ఎండిన కీలాగ్రం, ముడుచుకున్న పుప్పొడి తిత్తులు, గింజ ఊరాల్సిన చోట పల్చటి పొర. వడ్లలో తాలు అంటామే, అంతా అదే. తల్లివీ అంతే, గ వరసవీ అంతే.

విప్పి చూడని పొట్టును తడి ఇసుక ట్రేల మీద చల్లి, పైన గాజు పలక కప్పి వెచ్చగా ఉంచాను. మొలిచినవన్నీ ఇసుకతో వచ్చిన వెడల్పాకు కలుపు మొక్కలు. గడ్డి మొలక ఒక్కటీ రాలేదు. ఒక పూతకాలం చూసి గొడ్డు రకం అని ముద్ర వేయడం తొందరపాటు, కాబట్టి ప్రతి పూతకూ ఈ పరీక్ష మళ్లీ చేస్తాను.

ఈ విషయంలో పెద్ద సంస్థలు పడుతున్న శ్రమ చూస్తే నాది చిన్న పనే. మిస్కాంథస్ సైనెన్సిస్ అలంకార గడ్డిగా ఎంత పేరు తెచ్చుకుందో, అమెరికా తూర్పు ప్రాంతాల్లో గింజతో పాకి అంత చెడ్డపేరూ తెచ్చుకుంది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు నాలుగు క్రోమోజోమ్ సెట్ల మొక్కనూ మామూలు రెండు సెట్ల మొక్కనూ కలిపి మూడు సెట్ల సంతానం తీశారు. మూడు సెట్లు సమంగా పంచుకోవు, గింజ కట్టడం దాదాపు ఆగిపోతుంది. 'మై ఫెయిర్ మెయిడెన్', 'స్కౌట్' అలా వచ్చినవే. అయితే మూడు సెట్లు ఉంటే చాలు, గొడ్డుపోతుందని అనుకోకూడదు. తోటలు దాటి కొండలెక్కిన సెటేషియమ్‌కూ ఉన్నవి మూడు సెట్లే. ఫలదీకరణ అక్కర్లేని గింజకు ఈ లెక్క అడ్డు రాదు. అందుకే క్రోమోజోముల మాట నమ్మి ఊరుకోలేక ట్రే పెట్టి చూశాను.

నేలలోకి

రూబ్రమ్ కుదిరిన చోట 90 నుంచి 120 సెంటీమీటర్లు లేస్తుంది. గ వరస అంత ఎత్తు రావడం లేదు, పచ్చదనం తగ్గిన మొక్కకు అది మామూలే. పొట్టిగా ఉండడం దారి పక్కన నాటేందుకు నయమే. 60 సెంటీమీటర్ల ఎడం ఇచ్చాను. పూర్తిగా దుబ్బు కట్టాక ఆకులు ఒకదాన్నొకటి తాకుతాయి గానీ తొక్కుకోవు.

ఎక్కడ నాటాలన్నది నేను అనుకున్నదానికంటే పెద్ద ప్రశ్న అయింది. దగ్గర నుంచి చూస్తే ప్రతి ఆకూ మూడు రంగులు. పది అడుగులు వెనక్కి వెళ్తే ఆ సన్నటి అంచులు కలిసిపోయి దుబ్బంతా మసక గులాబీగా కనిపిస్తుంది. ఇంకా దూరం పోతే పక్కనున్న ఊదా తల్లే గొప్పగా ఉంది, ఈ మొక్క వెలిసిపోయినట్టుంది. అందుచేత దీన్ని తోట చివర వేయడం దండగ. నడిచే దారి దగ్గర, కూర్చునే చోటు దగ్గర వేయాలి. వెనక ముదురాకుపచ్చ పొద ఉండాలి. పొద్దు వాలే వెలుగు మొక్క వెనక నుంచి వచ్చేలా పెడితే అంచులూ కుచ్చులూ రెండూ వెలుగుతాయి. ముందు నుంచి వెలుగు పడితే ఆ ఫలితం లేదు. చారల ఆకులున్న వేరే మొక్కల పక్కన మాత్రం వద్దు, రెండూ కలిసి కళ్లకు గందరగోళం.

మడిలో ఆకుల చెత్త పరిచాను గానీ మొదళ్ల చుట్టూ ఖాళీ వదిలాను, అక్కడ తడి నిలిస్తే కుళ్లు మొదలవుతుంది. కొత్త చిగురుకు ముందు పాత ఆకులు కోసేటప్పుడు దుబ్బును తాడుతో బిగించి కట్టి, 10 నుంచి 15 సెంటీమీటర్లు వదిలి కోస్తే చెత్త చెదరదు. గ్లవ్స్ తప్పనిసరి, గడ్డి ఆకు అంచులో సిలికా ఉంటుంది, చేతుల మీద సన్నగా కోసుకుపోతుంది.

నర్సరీ వాళ్ల తొందర

నర్సరీ నడిపే స్నేహితుడు మడి చూసి ఊరుకోలేదు.

"అన్నా, ఒక ట్రే పిలకలివ్వు. చూసినవాళ్లు వదలరు."

"ఇంకా చీల్చి చూడాలి తమ్ముడూ. ఊదా పిలకలు అప్పుడప్పుడు వస్తూనే ఉన్నాయి."

"వస్తే పీకేస్తారులే."

"కొన్నవాళ్లకు పీకాలని ఎవరు చెప్తారు? ట్యాగ్ మీద చారల గడ్డి అని రాసి అమ్మితే, రెండో ఏడు వాళ్ల తోటలో ఉండేది రూబ్రమే."

అతను ఒప్పుకోలేదు. చారల మొక్కల్లో వెనక్కి మళ్లడం అందరికీ తెలిసిందేనని, పేరున్న రకాల్లోనూ జరుగుతుందని అన్నాడు. మాట నిజమే. కాకపోతే ఎంత తరచుగా అన్నది తెలియకుండా అమ్మడం నాకిష్టం లేదు. పేరు కూడా పెట్టేద్దామని ఉత్సాహపడ్డాడు, లాటిన్‌లో గంభీరంగా ఏదైనా. 1959 నుంచి కొత్త సాగు రకాలకు లాటిన్ పేర్లు కుదరవని చెప్పాను. రూబ్రమ్‌కి ఆ పేరు చెల్లింది అది పాతది కాబట్టి. ప్రస్తుతానికి గ అన్న ట్యాగే ఉంది.

ఇప్పుడు ఎక్కడుంది

మడిలోని గ దుబ్బులు పూతకొచ్చాయి. కుచ్చులు తల్లివాటికంటే లేతరంగు, కాస్త పొట్టి, వంపు మాత్రం అదే. దుబ్బు నడుమ ఎండిపోవడం ఇంకా మొదలవలేదు. కొన్నేళ్లయ్యాక ఫౌంటెన్ గడ్డికి అది తప్పదు, అప్పుడు చుట్టూ ఉన్న పిలకలే తీసి నాటుకోవాలి.

ఒకే మట్టిలో, ఒకే చేతి కింద పెరిగిన మొక్కను నమ్మి రకం అనలేను. అందుకని బంకమట్టి, ఇసుక నేల, కుండీ తోట ఉన్న స్నేహితులకు కొన్ని మొక్కలు ఇచ్చాను, పక్కన నాటుకోవడానికి తల్లి రకం ముక్కతో సహా. ఎవరికీ పంచొద్దని, కంకులు వడలగానే కోసి సంచిలో పంపమని చెప్పాను. ఊదా పిలక వస్తే అక్కడికక్కడే పెరికి పారేయొద్దు. ముందు అది ఏ పిలక మొదట్లోంచి లేచిందో కనిపించేలా మట్టి తప్పించి ఫొటో తీసి, ఆ తర్వాతే వేళ్లతో తీయమన్నాను.